ముందు వేరును కడిగి చూడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఫోను వచ్చినప్పటి నుంచి నా మనసంతా హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ కాలువ కింద ఉన్న ఆ రెండెకరాల మడి మీదే ఉంది. నాటు వేసి నెల కాలేదు, ఆకు పాలిపోయింది, ఇంకో బస్తా యూరియా వేయనా అన్నావు. ఆగు బిడ్డా. ముందు వేరును చూడు.

మొక్కను పట్టి లాగకు. లాగితే మనం చూడాల్సిన కొసలే మట్టిలో తెగిపోతాయి. పారతో జానెడు వెడల్పు మట్టిగడ్డతో సహా లేపి, బకెట్టు నీళ్లలో గంటసేపు నానబెట్టు. మట్టి జారిపోయాక తెల్ల పళ్లెంలో పరచి చూడు. వరి వేళ్ల మీద ఇటుక రంగు పూతకు భయపడకు, అది ఇనుము తుప్పు. నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇప్పుడే నీళ్లు తీసి మడిని కొంచెం ఆరనివ్వు. కొసలు మొద్దుబారి, పొట్టిగా లావెక్కి, పిల్లవేళ్లు కొస దగ్గరే గుబురుగా పుట్టి ఉంటే మాత్రం కాడ్మియం, సీసం లాంటి భార లోహాలను అనుమానించాలి. వేరు సాగేది కొసన కణాలు రెండుగా విడిపోయి, పొడవు పెరగడం వల్లే. ఈ లోహాలు అక్కడే దెబ్బ కొడతాయి. మూలకేశాలు, అంటే వేరు మీది సన్నని నూగు, తగ్గితే ఇనుము, భాస్వరం సరిగా అందవు. ఇనుము అందకపోతే ఆకు పాలిపోతుంది. దానికి యూరియా ఏం చేస్తుంది?

సీసం చాలావరకు వేరులోనే ఆగిపోతుంది. కాడ్మియం ఆకుకూ గింజకూ ఎక్కుతుంది. నా భయమంతా దానితోనే.

ఒకప్పుడు నేనూ వేరు చూడకుండా, జింకు లోపమనుకుని జింకు సల్ఫేటు రెండుసార్లు వేశాను. జింకూ లోహమే, మితిమీరితే వేరును కుంగదీస్తుంది. ఆ పంట కోలుకోలేదు.

రెండు పళ్లేల్లో తడిగుడ్డ మీద 20 చొప్పున ఆవాలు పెట్టు. ఒకదానికి వాననీళ్లు, రెండోదానికి కాలువ నీళ్లు పోయాలి. 5వ రోజు వేళ్లు కొలువు. కాలువ నీళ్లవి పొట్టివైతే ఉప్పు వల్ల కూడా కావచ్చు, కాబట్టి మట్టిని ల్యాబుకు పంపు. భూసార కార్డులోని 12 అంశాల్లో కాడ్మియం, సీసం లేవు. పేరుపెట్టి అడుగు.

ఫలితం వచ్చేదాకా ఆ గట్ల మీద పాలకూర, తోటకూర వద్దు. ఆకుకూరలు కాడ్మియాన్ని తొందరగా లాగుతాయి. ఇంటికి కావలసినవి బావి దగ్గర వేసుకోండి. బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే లోహాలను కొంత పట్టి ఉంచుతుంది. పొట్ట దశ, అంటే వెన్ను ఇంకా కాడలోనే ఉన్నప్పటి, నుంచి గింజ గట్టిపడేదాకా మడిలో నీళ్లు ఉండాలి. నిలిచిన నీటి కింద కాడ్మియం గంధకంతో బిగుసుకుని ఉంటుంది, మట్టి ఆరితే వదులవుతుంది.

ఆదివారం పొద్దుటి బస్సుకు వలిగొండలో దిగుతాను. రెండు మొక్కలు లేపి నానబెట్టి ఉంచు, కలిసి చూద్దాం.

మీ పెదనాన్న