అమెరికాలో అడవి గుర్రాల్ని దత్తతకి ఇచ్చే ముందు కొట్టి లొంగదీస్తారా?

లేదండి, కొట్టరు, దత్తతకి ముందు ట్రైనింగ్ ఇచ్చే గుర్రాల్ని కాస్త ఒత్తిడి పెట్టి కరెక్ట్ టైమ్‌కి వదిలేస్తూ మచ్చిక చేస్తారు. గుర్రం వేటకి బలయ్యే జంతువు కదా, మనిషి దగ్గరికొస్తే దానికి ముందు తోచేది పారిపోవడమే, అందుకే ట్రైనర్ ఒకడుగు ముందుకేసి, అది బెదరకుండా నిలబడినా ఇటు తల తిప్పినా చాలు వెంటనే వెనక్కి తగ్గుతాడు, అలా తగ్గడమే దానికి బహుమతి. మెల్లగా మెడ మీద చెయ్యి, తర్వాత తలకి తాడు, గిట్టలు ఎత్తడం, ట్రైలర్ ఎక్కడం. ఉదాహరణకి నెవాడాలోని కార్సన్ సిటీ జైల్లో ఖైదీలే నెలలపాటు ట్రైనింగ్ ఇచ్చిన గుర్రాల్ని వేలంలో దత్తతకి పెట్టారు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, మచ్చికైందంటే ఎక్కి తిరగొచ్చనుకుంటారు, కానీ స్వారీ ట్రైనింగ్ వేరే.