కార్టూన్ అంటే పిల్లలదేనా? పర్లాకిమిడి నుంచి మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్ళు. ఫోన్‌లో ఎప్పుడూ ఇంగ్లీషు కార్టూన్లే. బొమ్మలే కదా అని ఊరుకున్నాను. మొన్న పక్కన కూర్చుంటే సౌత్ పార్క్ అని ఏదో నడుస్తోంది, ఆ బూతులు విని టెన్షన్ వచ్చేసింది. మాన్పించాలా?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: సౌత్ పార్క్ మాత్రం మాన్పించండమ్మా, ఇంకేం ఆలోచించకండి. అందులో కనిపించేది బడి పిల్లలే అయినా 1997లో మొదలైనప్పటి నుంచీ దాన్ని పెద్దవాళ్ళ కోసమే తీస్తున్నారు. బొమ్మ కనిపిస్తే అది పిల్లలదే అని మనకి అలవాటైపోయింది. అమెరికాలో 1960లోనే ఫ్లింట్‌స్టోన్స్ అని ఒక రాతియుగం కుటుంబం కథని రాత్రిపూట ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరే టైములో వేశారు. అంటే ఈ రకం కామెడీ పుట్టడమే పెద్దవాళ్ళని కూడా కూర్చోబెట్టడానికి పుట్టింది. ఓటీటీలో షో మొదలయ్యేటప్పుడు యూ/ఏ 7+, 13+, 16+, లేదంటే ఏ అని, ఏ వయసువాళ్ళు చూడొచ్చో చెప్పే గుర్తు పడుతుంది, ముందు అది చూడండి. కార్టూన్లన్నీ ఒక్కసారిగా బంద్ చేసేస్తే మాత్రం వాడు మీకు తెలియకుండా చూస్తాడు.

ప్రశ్న: సింప్సన్స్ పాత సీజన్లే బాగుంటాయి అంటారు. నిజమా? మీకు అన్నిటికంటే నచ్చిన షో ఏది?
– డిగ్రీ విద్యార్థి, బరంపురం

జవాబు: నిజమే తమ్ముడూ. తెలియనివాళ్ళకి చెప్తున్నా, సింప్సన్స్ అంటే ఒక అమెరికా కుటుంబం మీద తీసిన కార్టూన్ కామెడీ. నా లెక్కలో మూడో సీజన్ నుంచి ఎనిమిదో సీజన్ దాకా ఉన్నదే అసలు సింప్సన్స్. అప్పట్లో ఆ ఇంటి తండ్రి హోమర్‌కి బుర్ర తక్కువే గానీ పెళ్ళాం పిల్లలంటే ప్రాణం, మనకి నవ్వొచ్చిన ఐదు నిమిషాలకే గొంతు పట్టేసేది. ఆ తర్వాత గోల పెరిగింది, ప్రాణం తగ్గింది. ఎందుకంటే 1989 డిసెంబరులో మొదలైనప్పుడు కొడుకు బార్ట్‌కి పదేళ్ళు, ఇప్పటికీ పదేళ్ళే. ఎవరికీ వయసు రాని ఇంట్లో కొత్తగా జరగడానికి ఏముంటుంది చెప్పు, బయటి నుంచి ఎవరో ఒక పెద్ద స్టార్‌ని అతిథిగా తెచ్చుకోవడం తప్ప.

నాకు ప్రాణమైన షో కింగ్ ఆఫ్ ద హిల్. టెక్సస్‌లో ఆర్లెన్ అనే చిన్న ఊరు, అక్కడ గ్యాస్ అమ్ముకునే హ్యాంక్ హిల్, వాడి భార్య పెగ్గీ, కొడుకు బాబీ, కంచె దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకునే నలుగురు స్నేహితులు. అంతే, అద్భుతాలేమీ జరగవు. 2010లో ఆగిపోయింది, మళ్ళీ 2025 ఆగస్టులో వచ్చింది. అయితే ఈసారి వాళ్ళకి వయసు పెంచారు! హ్యాంక్, పెగ్గీ సౌదీలో కొన్నేళ్ళు పనిచేసి ఊరికి తిరిగొస్తారు, బాబీ పెద్దవాడై సొంతంగా హోటల్లో వంట చేస్తుంటాడు. గల్ఫ్ నుంచి వచ్చి, వీధి మొదట్లో నిలబడి "ఇది మన ఊరేనా" అని చూసే మనుషులు మన గంజాంలోనూ శ్రీకాకుళంలోనూ ఎంతమంది లేరు. ఆ మొదటి ఎపిసోడ్ రెండుసార్లు చూశాను.

బాబ్స్ బర్గర్స్ కూడా చూడు. కింద హోటల్, పైన కాపురం, ముగ్గురు పిల్లలూ బల్లలు తుడుస్తూ పెరుగుతారు. మన బజారులో టిఫిన్ హోటళ్ళ కుటుంబాలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సింప్సన్స్‌లో అపూ అనే ఇండియన్ పాత్ర మీద అంత గొడవ ఎందుకు? నవ్వుకుంటే సరిపోదా?
– పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: సరిపోదు. అపూ కొట్టు నడుపుకునే మనిషి, మంచివాడే, తెలివైనవాడే. గొడవంతా గొంతు గురించి. ఆ గొంతు హ్యాంక్ అజారియా అనే అమెరికన్ నటుడిది, మన యాసని సాగదీసి పలికాడు. అక్కడ పెరిగిన మన పిల్లలు బడిలో ఆ యాసతోనే వెక్కిరింపులు పడ్డారు. 2017లో హరి కొండబోలు అనే అమెరికన్ కమెడియన్ దీని మీద డాక్యుమెంటరీ తీశాడు. ఇంటిపేరు చూస్తేనే మనవాడని తెలుస్తుంది కదా. 2020లో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు.

దీన్ని అమెరికా సంగతి అని పక్కన పెట్టేయకండి. తెలుగు సినిమాలో మన ఉత్తరాంధ్ర యాస ఎన్నేళ్ళు పనిమనిషికీ, దొంగకీ, జోకరుకీ మాత్రమే ఇచ్చారు? "ఏటి బావు" అంటే చాలు హాల్లో నవ్వు. అదే మాట మా అమ్మ అంటే అందులో నవ్వేమీ ఉండదు, ప్రేమ ఉంటుంది. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. మనుషులు మాట్లాడుకునే తెలుగే తెలుగు అని ఆయన అంత పోరాడాక కూడా మన మాట తెర మీద వేషంగానే మిగలడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. యాస పెట్టండి, హీరోకీ పెట్టండి, డాక్టరుకీ పెట్టండి.

ప్రశ్న: మహావతార్ నరసింహ, డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ రెండూ తెలుగులో చూశాను. ఏది గొప్ప?
– పాఠకురాలు, కోరాపుట్

జవాబు: రెండూ 2025లో వచ్చినవే గానీ పోల్చడం కష్టమండీ. బొమ్మ పనితనంలో జపాన్ వాళ్ళ డీమన్ స్లేయర్‌దే పైచేయి, ఆ కోట తలకిందులవుతుంటే నాకు కళ్ళు తిరిగాయి. కానీ కత్తి ఎత్తిన ప్రతిసారీ ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, అది నాకు విసుగు. నరసింహలో మొదట మొహాలు బిగుసుకున్నట్టున్నాయి, వరాహావతారం కాస్త సాగింది. స్తంభం పగిలిన దగ్గర నుంచి మాత్రం ఊపిరి తీసుకోనివ్వలేదు. కథ మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే అయినా హాల్లో ముసలివాళ్ళు చేతులు జోడించారు. నా ఓటు నరసింహకే.

ప్రశ్న: మేం నలుగురం ఇంజనీరింగ్ స్నేహితులం. తెలుగులో ఒక ఇంటి కామెడీ కార్టూన్ తీయాలని ఉంది. డబ్బు లేదు. సాధ్యమేనా?
– విద్యార్థి, గుణుపురం

జవాబు: సాధ్యమే, తీయండి. చోటా భీమ్ 2008 నుంచీ హైదరాబాదులోనే తయారవుతోంది. చెయ్యి తిరిగినవాళ్ళు మనకి లేకపోలేదు, పెద్దవాళ్ళ కోసం రాసేవాళ్ళే లేరు. బొమ్మ గురించి దిగులు పెట్టుకోకండి, సౌత్ పార్క్ బొమ్మలు కాగితం ముక్కలు కత్తిరించి అతికించినట్టే ఉంటాయి, ఒక్కో ఎపిసోడ్ ఆరు రోజుల్లో ముగించడం వాళ్ళకి మామూలు. ముందు ఇల్లు ఎంచుకోండి. నానమ్మ తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి, ఫోన్‌లో హిందీ పాటలు. ఇలాంటి ఇల్లు హైదరాబాదు వాళ్ళు ఊహించి రాయలేరు, మీరు రాయగలరు. గొంతులకి నటుల్ని వెతక్కండి, మీ పిన్నినీ మేనమామనీ కూర్చోబెట్టి రికార్డ్ చేయండి.

సాఫ్ట్‌వేర్ అంటారా, బ్లెండర్ ఉచితం. 2025లో ఆస్కార్ గెలిచిన ఫ్లో దాంతోనే తీశారు, లాత్వియా అనే చిన్న దేశం కుర్రాడు గింట్స్ జిల్బలోడిస్. ఒక్క మాట కూడా లేని సినిమా అది. వరద వస్తుంది, ఒక పిల్లి పడవెక్కుతుంది, ఒక్కొక్క జంతువూ వచ్చి చేరుతుంది. మా అమ్మకి బొమ్మల సినిమా అంటే పడదు, వంటింట్లోంచి తొంగిచూసి నిలబడిపోయింది. నీళ్ళు పెరుగుతుంటే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 2018లో తిత్లీ తుపాను రాత్రి మేం మేడ మీద కూర్చున్నప్పుడు కింద మా పిల్లి ఎక్కడుందో తెలియక ఏడ్చిన మనిషి ఆవిడ. సినిమా అయిపోయాక "ఆ పిల్లి గట్టిదిరా" అని ఒక్క మాట అని, ఆరిన టీ మళ్ళీ వేడి చేయడానికి లోపలికి వెళ్ళింది.