ఎల్ నినోపై పరిశోధనకు ఫిజిక్స్ డిగ్రీ చాలా?

ప్రశ్న: బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. పసిఫిక్‌లో ఎల్ నినో (సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కడం) వస్తే ఎక్కడో దూరాన వానలు ఎందుకు తగ్గుతాయన్న దానిపై పరిశోధన చేయాలనుంది. వాతావరణ శాస్త్రం చదవకపోతే కష్టమా?

జవాబు: కష్టమేమీ కాదు. 1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు చేపట్టి, ఆ తర్వాత సదరన్ ఆసిలేషన్‌ను (పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య గాలి పీడనం ఒకచోట పెరిగితే మరోచోట తగ్గడం) గుర్తించిన గిల్బర్ట్ వాకర్ గణితం మనిషే. పీడనాల ఈ ఊగిసలాటకు ఎల్ నినోతో ఉన్న లంకెను 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ భౌతికశాస్త్రంతో వివరించారు. మీకు ఆ రెండు చూపులూ కావాలి. వెచ్చని నీటిపై కట్టిన మేఘాలు వర్షిస్తూ విడుదల చేసే వేడి, పై వాతావరణంలో రాస్‌బీ తరంగాలను (భూభ్రమణ ప్రభావంతో సాగే భారీ గాలి అలలు) లేపుతుంది. దూర ప్రాంతాలకు ఆ ప్రభావాన్ని మోసే దారుల్లో అదొకటి. అందుకే పీజీలో ఫ్లూయిడ్ డైనమిక్స్, స్టాటిస్టిక్స్ వదలకండి. మిగతా సబ్జెక్టులు తర్వాతైనా పట్టుకోవచ్చు.

ఈలోగా పైథాన్‌లో ఒక చిన్న ప్రాజెక్టు చేయండి. నినో 3.4 అనే పసిఫిక్ ప్రాంతపు (భూమధ్యరేఖకు ఉత్తర, దక్షిణాలకు 5 డిగ్రీలు, పశ్చిమ రేఖాంశం 120 నుంచి 170) సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలు 40 ఏళ్లవి తీసుకోండి. నెలవారీ సగటును, దీర్ఘకాలిక ధోరణిని తీసేయండి. ధోరణిని వదిలేస్తే వేడెక్కుతున్న ప్రతిదానికీ ప్రతిదానితోనూ చుట్టరికం కనిపిస్తుంది! తర్వాత ఒకే సీజన్ సగటులతో ప్రపంచ వర్షపాతానికి కోరిలేషన్ (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే కొలత) మ్యాపు గీయండి. నెలల లెక్కన 480 విలువలున్నాయని మురిసిపోవద్దు. ఎల్ నినో నెలల తరబడి నిలుస్తుంది కాబట్టి అవన్నీ స్వతంత్రమైనవి కావు. 40 సీజన్లకైతే 5 శాతం స్థాయిలో (సంబంధం లేకపోయినా కాకతాళీయంగా వచ్చే అవకాశం 5 శాతమే) కోరిలేషన్ 0.31 దాటాలి.

అది దాటినా నమ్మేయకూడదు. 2.5 డిగ్రీల గ్రిడ్‌లో 10,512 బిందువులుంటాయి. ఏ సంబంధమూ లేకపోయినా సగటున 500కు పైగా బిందువులు కాకతాళీయంగానే గీత దాటుతాయి. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. భౌతిక కారణం చెప్పగలిగిన మచ్చలనే ఉంచుకోండి.

ఉద్యోగాలు సీజనల్ ఫోర్‌కాస్ట్ కేంద్రాలకే పరిమితం కాదు. రీఇన్సూరెన్స్ (బీమా సంస్థలకే బీమా), జలాశయాల నిర్వహణ, విద్యుత్ రంగాలకూ ఈ నైపుణ్యం అవసరమే.

రెండో ప్రాజెక్టుగా 1997ను తీసుకోండి. ఎల్ నినో చాలా బలంగా ఉన్నా ఆ ఏడాది భారత రుతుపవనాలు దాదాపు సాధారణంగానే కురిశాయి. హిందూ మహాసముద్ర డైపోల్‌ను (ఆ సముద్రపు పడమటి, తూర్పు భాగాల ఉష్ణోగ్రతల తేడా) లెక్కలో కలిపి, మీ మొదటి మ్యాపు ఎందుకు తప్పిందో చూడండి.