బుడతకీచు తిట్టుమాటా?

సందేహం: మాది బందరు. చరిత్ర పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. మా ఊరి రేవు గురించి ఒక వ్యాసం రాస్తూ "గోవాను పట్టుకున్న బుడతకీచులు" అన్నాను. అచ్చులో అది "పోర్చుగీస్ వారు"గా మారింది. కారణం అడిగితే, బుడతల్లా పొట్టిగా ఉండి కీచుగొంతుతో మాట్లాడేవాళ్లు బుడతకీచులనీ, ఒక జాతిని అలా వెక్కిరించడం ఈ రోజుల్లో తగదనీ సంపాదకులు సెలవిచ్చారు. ఈ వ్యుత్పత్తి నిజమేనా? ఆ మాట నేడు రాయవచ్చునా? పరంగులన్నా వీరేనా?

సమాధానం: మాస్టారుగారికి నమస్కారం. మీ సంపాదకులు చెప్పిన వ్యుత్పత్తి వినడానికి ముచ్చటగా ఉంది కాని నిజం కాదు. బుడత, కీచు అనే రెండు మాటలు సమాసమై బుడతకీచు పుట్టలేదు. పోర్చుగల్ దేశస్థులు తమను గురించి తాము చెప్పుకొనే పేరే మన నోట నలిగి ఆ రూపం తాల్చింది. ఆ పేరు వాళ్ల ఉచ్చారణలో దాదాపు 'పుర్తుగేష్' అని వినిపిస్తుంది. రత్నాన్ని రతనం, యత్నాన్ని జతనం చేసుకొన్న నోరు మనది. జంట హల్లుల మధ్య ఒక అచ్చును దూర్చనిదే దానికి తోచదు. అలా 'పుర్తు' కాస్తా 'పురుతు' అవుతుంది, చివరి షకారం చకారంలో పడుతుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. మొదటి పకారం బకారం కావడానికి రెండు దారులు కనిపిస్తాయి. అరబ్బీలో పకారం లేదు. వాళ్లు ఆ దేశాన్ని 'బుర్తుగాల్' అన్నారు, అక్కడినుంచి వచ్చిన తియ్య నారింజకు కూడా ఆ పేరే పెట్టుకొన్నారు. మన రేవులకు ఆ పేరు అరబ్బు నావికుల ద్వారా వచ్చి ఉంటే బకారం వారిదే కావచ్చు. రెండో దారి రేఫ, అంటే రకారం, డకారం కావడంలో ఉంది. ఇలాంటి చోట రేఫ డకారం కావడం తెలుగులో నడిచే మామూలు మార్పు కాదు. 'పురుతు' అని విన్న చెవికి అంతకుముందే ఇంట్లో తెలిసిన 'బుడుత' గుర్తుకు వచ్చి, నాలుక ఆ వైపుకు జారిందనుకొంటేనే ఆ డకారానికీ, దానితోపాటు మొదటి బకారానికీ లెక్క కుదురుతుంది. నా మొగ్గు ఈ రెండో దారి వైపే అయినా మొదటిదాన్ని కొట్టివేయను, రెండూ ఒకదానికొకటి తోడై ఉండవచ్చు.

అంటే, మాస్టారూ, మీ సంపాదకులు పూర్తిగా తప్పనీ అనలేము. బుడుత ఆ మాటలో ఉంది. అయితే ధాతువుగా లేదు, ఆకర్షణగా ఉంది. తెలియని పేరును తెలిసిన మాటల అచ్చులో పోసుకొనే ఈ పనిని లోకనిరుక్తి అంటాము. అందులో వెక్కిరింత ఉండి తీరాలన్న నియమం లేదు. మీరు కదిపారు కనుక, ఇలా మారిన పరాయి పేర్లను పద్యాల్లో పెట్టిన శ్రీనాథుణ్ణి ఇక పిలవకుండా ఉండడం నా వల్ల కాదు.

ఆయన హరవిలాసం కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్న కృతిభర్త అవచి తిప్పయసెట్టి నెల్లూరి వర్తకుడు. ఆ నెల్లూరినే నాడు సింహవిక్రమపట్టణమనేవారు. కొండవీటి కుమారగిరిరెడ్డి ఏటా జరిపించిన వసంతోత్సవాలకు కస్తూరి, కర్పూరం, పన్నీరు సమకూర్చిన ఇల్లు వాళ్లది. వాస్కోడిగామా 1498లో కోళిక్కోడు తీరాన దిగడానికి కొన్ని తరాల ముందటి ముచ్చట ఇది. ఆ సెట్టిగారు ఎక్కడెక్కడినుంచి ఏమేమి తెప్పించేవాడో చెబుతూ శ్రీనాథుడు ఒక మత్తేభాన్ని "తరుణాసీరి తవాయి గోవ" అని ఎత్తుకొంటాడు. గోవ తెలిసిందే. తవాయి బర్మా దక్షిణ తీరపు రేవు. మరి తరుణాసీరి ఏ ఊరు? తరుణి, తారుణ్యం, సిరి అన్నీ కలగలిసి వినిపించే ఆ పేరు చూసి ఏదో కావ్యకల్పిత నగరమని భ్రమపడతాము. అది తవాయికి దిగువన అదే తీరంలో ఉన్న తనాసరి. సరుకుల జాబితాలో రాసుకొనే ఒక పరాయి రేవు పేరు తెలుగు పద్యంలోకి వచ్చేసరికి నవయౌవనం ధరించింది.

ఇక్కడ ఛందస్సు తెలిసినవారు నన్ను పట్టుకొంటారని ఎరుగుదును. ఆ పద్యానికి ప్రాసాక్షరం రేఫ, తనాసరిలో రెండో అక్షరం నకారం. పైగా మత్తేభం సగణంతో, అంటే రెండు లఘువులు, ఒక గురువుతో, మొదలు కావాలి గనుక లఘువు వెంటనే గురువున్న తనాసరి ఆ మొదటి గడప దాటలేదు. కనుక తరుణాసీరి ప్రాస కోసం కవి చెక్కిన బొమ్మ అంటారా, కావచ్చు. సెట్టిగారి కొట్లో గుమాస్తాల నోట అప్పటికే ఆడుతున్న రూపమని నా ఊహ. ఏదైనా ఫలితం ఒకటే: పేరు మారింది, ఊరికి అవమానం జరగలేదు.

ఆ పద్యంలోనే మూడో పాదం, "శరధిం గప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్లఁ దెప్పించు" అన్న చోట, ఓడల పేర్లు వరుసగా వస్తాయి. ఓడ అని ఒక్క మాటతో సరిపెట్టి ఉంటే మనం అడిగేవాళ్లం కాదు. కాని శ్రీనాథుడు రేవులో నిలబడి చూసినవాడిలా ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలుస్తాడు. కప్పలి తమిళుల కప్పల్, మలయా దీవులకు వెళ్లి అక్కడ కపల్ అయింది. జోంగు అటునుంచి ఇటు వచ్చిన మాట. జావా, మలయా తీరాల పెద్ద సరుకు ఓడను అక్కడివారు జోంగ్ అనేవారు. దాన్నే బుడతకీచులు జుంకు అన్నారు, ఇంగ్లీషువారు జంక్ అన్నారు. సమ్మన్ వినగానే సంపాన్ అనే చీనా పడవ గుర్తుకు రావడం సహజమే గాని దానికి ప్రమాణం చేయబోను. ఇప్పుడు చీనా ఓడల ప్రసక్తి వచ్చిన ప్రతి అనువాదంలోనూ "జంక్ నౌక" అని చూస్తున్నాను. ఆరువందల ఏళ్లుగా మనదై ఉన్న జోంగును మరచి, అదే మాటను రెండు చేతులు మారాక ఇంగ్లీషు సంతలో అరువు తెచ్చుకొంటున్నాము. చదివేవాడు దాన్ని పాతసామాను పడవ అనుకొంటే తప్పు ఎవరిది?

ఆ ఇంటివాడే అయిన దేవయ చామిశెట్టిని పొగిడే సీసం ఇంకా సొగసైనది. పాదానికి రెండేసి దేశాలు, దేశానికొక సరుకు, ప్రతిదాని చివర "దెచ్చి" అంటూ ఒక మూట దించిన చప్పుడు. అందులో కర్పూరపు చెట్లు పంజారనుంచి వస్తాయి. సుమత్రాలో మేలి కర్పూరానికి పేరుపడ్డ ఫన్సూరే పంజార అని చెబుతారు. "హురుమంజి బలుతేజి హరులు దెచ్చి" అన్న భాగాన్ని నేను విద్యార్థులచేత పదే పదే చదివించేవాణ్ణి. హురుమంజి అంటే పారసీక సింధుశాఖ ముఖాన ఉన్న హుర్ముజ్, అరబ్బు గుర్రాల అంగడి. తేజి అనగానే తేజస్సు గల గుర్రమని తరగతిలో తొంభైమంది చెప్పేవారు. కాదు. పారసీలో తాజీ అంటే అరబ్బు సంబంధమైనదని అర్థం, అరబ్బు గుర్రం తాజీ. ఆ తాజీ మన వైపు వచ్చి సంస్కృత తేజస్సు నీడన నిలబడి తేజి అయింది. తనాసరి తరుణాసీరి కావడమూ, తాజీ తేజి కావడమూ, పుర్తుగేష్ బుడతకీచు కావడమూ ఒకే కొలిమి పని. మొదటి రెండింటిలో పొగడ్త ధ్వనించింది గనుక ఎవరికీ అభ్యంతరం లేదు. మూడోదానిలో పిల్లవాడు ధ్వనించాడు గనుక పంచాయితీ వచ్చింది.

ఈ రెండు కాలాలనూ కలిపింది కూడా ఆ గుర్రాలే. 1510లో గోవాను, 1515లో హుర్ముజ్‌ను బుడతకీచుల సేనాని అల్బుకెర్క్ పట్టుకొన్నాక, శ్రీనాథుడి సెట్లు తెప్పించిన ఆ హురుమంజి తేజీలు బుడతకీచుల చెప్పుచేతల్లోకి పోయాయి. అవి లేనిదే విజయనగర సైన్యం లేదు. దూరదేశాలనుంచి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లూ ఇళ్లూ ఇచ్చి, కొలువులో మన్నించి, మంచి ధర చెల్లించి, ఆ సరుకు శత్రువులకు చేరకుండా చూసుకోవాలని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పిన మాట ఊహలోనుంచి వచ్చినది కాదు. ఆయన కాలంలో విజయనగరానికి వచ్చిన పేయస్, ఆ తరువాత వచ్చిన గుర్రాల వర్తకుడు నూనిజ్ ఇద్దరూ బుడతకీచులే. వాళ్లు తమ రాతల్లో విజయనగరాన్ని 'బిస్నగా' అన్నారు. రాయలు వాళ్ల కలంలో 'క్రిస్నారావు' అయ్యాడు. అంతకు రెండువందల ఏళ్లకు పైగా ముందు మార్కోపోలో మన మోటుపల్లిని 'ముత్‌ఫిలి' చేశాడు. మనను వాళ్లు వెక్కిరించారని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. సముద్రం దాటిన పేరుకు ఉప్పునీటి దెబ్బ తగలకుండా ఉంటుందా?

మీ మూడో ప్రశ్నకు జవాబు చిన్నది. ఫ్రాంకులనే ఐరోపా జాతి పేరు అరబ్బీలో ఫరంజ్, పారసీలో ఫరంగ్ అయి మన దగ్గర పరంగి, ఫిరంగి అయింది. ఐరోపావారందరికీ అది వర్తిస్తుంది, కనుక బుడతకీచులందరూ పరంగులే గాని పరంగులందరూ బుడతకీచులు కారు. పేలే ఫిరంగి కూడా ఆ మాటే. తిట్టు వెతకాలనుకొంటే మీ సంపాదకులు ఇక్కడ వెతకవలసింది. పరంగుల రాకతో వ్యాపించిన సుఖవ్యాధికి వైద్యులు 16వ శతాబ్దిలోనే ఫిరంగరోగమని పేరు పెట్టారు, భావప్రకాశమనే వైద్యగ్రంథంలో అది ఉంది. దానికి వాడిన దుంప తెలుగులో నేటికీ పరంగిచెక్కే. బుడతకీచులు తెచ్చిన మంచి సరుకులలో అనాస, బొత్తాం, పీపా, తువ్వాలు వాళ్ల పేర్లతోనే ఇంట్లోకి వచ్చాయి. మిరపకాయకు మాత్రం మిరియాన్ని తలచుకొని మనమే పేరు పెట్టుకొన్నాము. పాపం, శ్రీనాథుడు తిన్న కారమంతా మిరియాల కారమే.

ఇక నేడు రాయవచ్చునా అన్నది. 16, 17 శతాబ్దుల చరిత్ర రాసేటప్పుడు బుడతకీచు రాయడంలో నాకు దోషం కనిపించదు. మొదటి చోట ఒక వాక్యంలో వివరణ ఇస్తే చాలు. నేటి పోర్చుగల్ పౌరుణ్ణి గురించి రాసేటప్పుడు పోర్చుగీసు అనడమే మర్యాద, ఎందుకంటే లోకనిరుక్తి ఒకసారి చెవిలో పడ్డాక అసలు వ్యుత్పత్తి ఎంత చెప్పినా బుడత వినిపించక మానదు. మాటకు పుట్టుక ఎంత ముఖ్యమో వినికిడి కూడా అంతే ముఖ్యం. పిల్లల పాఠ్యపుస్తకంలో ఏది ఉండాలంటే నేను తటపటాయిస్తాను. రెండూ ఉంటే మంచిదనిపిస్తుంది, కాని పట్టుబట్టను. ఒక్కటి మాత్రం ఒప్పుకోను. పోర్చుగీస్ అనేది శుద్ధరూపమనీ బుడతకీచు దాని అపభ్రంశమనీ అనుకోవడం పొరపాటు. ఆ 'ర్చు' లిస్బను వీధుల్లో వినబడదు, ఇంగ్లీషువాడి నోట పుట్టింది. ఒక అపభ్రంశాన్ని తీసి మరొక అపభ్రంశాన్ని పెట్టి దాన్ని సంస్కారమంటే ఎలా? తప్పదనుకొంటే పోర్చుగీసు అని చివర అచ్చు చేర్చి అజంతం చేసి రాయండి, పొల్లు హల్లుతో హలంతంగా వేలాడదీయకండి.

బుడతకీచు, బుడుతకీచు అనే రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. వ్యుత్పత్తికి రెండోది దగ్గర, చదవడానికి మొదటిది తేలిక. మీరు మొదటిదే రాశారు, అలాగే ఉంచండి. మీ వ్యాసం మళ్లీ అచ్చుకు వెళ్లేటప్పుడు సంపాదకులకు మీ ఊరి పటం కూడా ఒకటి జతచేయండి. అందులో పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం దగ్గరదగ్గరగా ఉంటాయి. పరాసులు అంటే ఫ్రెంచివారు, వలందులు హాలెండువారు. వాటిని కూడా ఫ్రెంచ్‌పేట, డచ్‌పాలెం అని దిద్దుతారేమో అడిగి నాకు రాయండి.