సమాధానం: బోరు నీళ్ల హాట్ టబ్ పాలలెక్క తెల్లబడుతుంటే

అన్నా, హన్మకొండ ఫామ్‌హౌస్‌ల వెయ్యి లీటర్ల టబ్, బోరు నీళ్లు వేడి చేయంగనే తెల్లగైనయి, బ్లీచింగ్ పౌడర్ ఏస్తే ఇంకా ముదిరింది అన్నరు కదా. అది మురికి కాదు, సున్నం. నీళ్లల్ల కాల్షియం ఎక్కువుండి పీహెచ్ (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 7.8 దాటితే, వేడికి అది విడిపోయి తేలుతది. బ్లీచింగ్ పౌడర్‌ల కూడా సున్నమే ఉంటది, కరగని పిండి పోయి ఫిల్టర్‌ల కూసుంటది. ఇగ అది బంద్ చేయండి.

హీటర్ ఆపి, ఫిల్టర్ తీసి మడతల మధ్యల పైపుతోని కడగండి. సగం నీళ్లు వదిలేసి సాఫ్ట్‌నర్ (కాల్షియం తీసేసే మిషన్) నీళ్లు నింపండి. నీళ్లు పరీక్షించే స్ట్రిప్ ముంచి చూస్తే ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగ ఉంచే గుణం) 80-120, కాల్షియం 150-250 పీపీఎం (లీటర్‌కు మిల్లీగ్రాములు) రావాలె. పీహెచ్ ఎక్కువుంటే డ్రై యాసిడ్ (పీహెచ్ తగ్గించే సోడియం బైసల్ఫేట్ పొడి) కొంచెం కొంచెం ఏసి, పంపు నడిపి, గంటకు మళ్ల చూడండి. దాంతోని ఆల్కలినిటీ కూడా దిగుతది. మరీ దిగితే 17 గ్రాముల తినే సోడా 10 పీపీఎం లేపుతది. క్లోరిన్‌కు బ్లీచింగ్ పౌడర్ బదులు డైక్లోర్ (సున్నం లేని క్లోరిన్ మందు) గుళికలు 5 గ్రాములు ఏస్తే దగ్గర దగ్గర 3 పీపీఎం. యాసిడ్, క్లోరిన్ ఒక్కపారి కలపొద్దు, విషవాయువు లేస్తది.

ఎవరన్న పటిక ఏయమంటే వద్దనండి, ఫిల్టర్ జామైతది.