పుట్టని పత్రికలో పుట సంఖ్య

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన వ్యాసమూ అందాయి. ఇంగ్లీషు సారాంశాన్ని చాట్‌జీపీటీతో దిద్దించుకోవడం తప్పా అని అడిగావు. తప్పు కాదమ్మా. మా రోజుల్లో ఇంగ్లీషు శాఖలోని మిత్రులను బతిమాలి దిద్దించుకుని, కృతజ్ఞతల్లో వారి పేరు రాసేవాళ్లం. నువ్వు కూడా ఏ పనికి, ఎంతవరకు వాడుకున్నావో దాచకుండా వ్యాసంలోనే చెప్పు. అంతవరకు నాకు పేచీ లేదు.

నన్ను కలవరపెట్టింది నీ పన్నెండో పాదసూచిక. 1921 నాటి 'భారతి' సంచికలోని వ్యాసమంటూ పుట సంఖ్యతో సహా ఇచ్చావు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు భారతిని ప్రారంభించిందే 1924లో! ఇదీ చాట్‌జీపీటీ ఇచ్చిందే అయి ఉండాలి. ఆ యంత్రం గ్రంథాలయానికి వెళ్లి బైండు పుస్తకాలు తిరగేయదు. ఏ మాట తరువాత ఏ మాట వస్తే సహజంగా ఉంటుందో లెక్కగట్టి అల్లుతుంది కనుక, తెలుగు పరిశోధకుల పాదసూచిక ఎలా ఉంటుందో అచ్చం అలాంటిదే తయారుచేసి నీ చేతిలో పెట్టింది. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు ఇలాగే లేని తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా వేయించుకున్నారు. వారిలో ఒకరు ఆ కేసు నిజమేనా అని మళ్లీ ఆ యంత్రాన్నే అడిగారట, దొంగనే సాక్ష్యం అడిగినట్టు.

ఇతరుల రచనను కాపీ కొట్టామేమో సాఫ్ట్‌వేర్‌తో చూసే పోలికల పరీక్షలో వ్యాసం నెగ్గింది కదా అని రాశావు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేని మాట నిజమే. కానీ ఆ సాఫ్ట్‌వేర్ చూసేది ఉన్న రచనలతో పోలికనే. లేని వ్యాసానికి పోలిక ఎక్కడ దొరుకుతుంది? కల్పించిన ఆధారమే ఆ పరీక్షను అన్నిటికంటే సులువుగా దాటేస్తుంది. ప్రచురణ నైతికతను చూసే 'కోప్' సంస్థ 2023 ఫిబ్రవరిలో, రాసినదానికి బాధ్యత వహించలేదు గనుక యంత్రాన్ని రచయితగా చూపకూడదని తేల్చింది. అంటే రేపు సంపాదకుడు ఆ సంచిక జిరాక్సు పంపమంటే జవాబు చెప్పుకోవలసింది నువ్వే.

ఇంకొకటి. నీ స్నేహితురాలి అచ్చుకాని అధ్యాయాన్ని ఆమెను అడగకుండా చాట్‌జీపీటీలో పెట్టి క్లుప్తీకరించానన్నావు. ముందు ఆమెకు ఆ సంగతి చెప్పు.

పన్నెండో సూచికను తీసెయ్యి. దాని మీద నిలిచిన వాక్యం పడిపోతే దాన్నీ పోనీ. మిగిలిన వాటిలో నువ్వు స్వయంగా తెరిచి చదివిన ప్రతిదానికీ పెన్సిలుతో టిక్కు పెట్టి ప్రతిని నాకు పంపు. టిక్కు లేనివాటి కోసం ఇద్దరం కలిసే గ్రంథాలయానికి వెళదాం.