సీల దిగిన కాలు

బిడ్డా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సెంట్రింగ్ విప్పేకాడ నీ అరికాల్ల సీల దిగిందట, నెత్తురు పెద్దగ రాలేదట, సున్నం పెట్టి మళ్ల పనెక్కినవట.

నెత్తురు రాకపోవుడే నాకు నచ్చలే. కొడవలితోని కోసుకుంటే నెత్తురుతోని కొంత మురికి కొట్టుకపోతది. సీల పోటుకు పైన మినపగింజంత బొక్క, లోపల ఎముక దాక పోయి ఉండొచ్చు. తోలు రెండొద్దులల్ల మూసుకుంటది, మురికి లోపల్నే ఉంటది. ధనుర్వాతం క్రిమికి గసొంటి గాలాడని జాగనే కావాలె. అది ఉండేది మట్టిల, పెండల. తుప్పుల పుట్టదు, సీల కొత్తదని ధీమా పడకు.

సున్నం కడిగెయ్. నల్లా కింద కాలు పెట్టి సబ్బుతోని పది నిమిషాలు కడుగు. పిన్నీసుతోని కెలకకు, పసుపు, కిరసనాయిలు పొయ్యకు. గాజుగుడ్డ వదులుగ కట్టుకుని ఇయ్యాల్నే దవాఖానకు పో. చివరి టీటీ, అంటే ధనుర్వాతం సూది, ఏసుకుని 5 ఏండ్లు దాటితే మళ్ల సూది పడాలె, ఇప్పుడు టీడీ అని ఇస్తున్నరు. ఎప్పుడు ఏసుకున్నవో యాదికి లేకుంటే అదే చెప్పు.

పోయేటప్పుడు సీల దిగిన ఆ కాలి చెప్పును వెంబడి తీస్కపో. నవ్వకు. హన్మకొండల పని చేసే రోజులల్ల నాకు గిట్లనే అయింది. మా మేస్త్రీ పుండు మీద చెప్పుతోని నాలుగు దెబ్బలేసి, నెత్తురు కారితే అయిపోయిందన్నడు. మూడొద్దులు బాగనే నడిచిన. నాలుగో నాడు మడమ ఆనిస్తే ప్రాణం పోయినట్టయింది. వరంగల్ ఎంజీఎం దవాఖానల కోసి చూస్తే జొన్నగింజంత రబ్బరు ముక్క, నా చెప్పుదే! ఎక్స్‌రేల ఇనుము కనిపిస్తది గని రబ్బరు, కట్టె పేడు ఎక్కువ సార్లు కనిపియ్యవు. స్కానింగ్ అవసరం పడొచ్చు. పని బూట్లు ఏసుకుని ఉంటే అదీ చెప్పు. రబ్బరు అడుగుల తడికి పెరిగే క్రిమి ఒకటి ఎముకను పట్టుకుంటది, మెడికల్ షాపుల అడిగి తెచ్చుకునే మామూలు గోలీలకు చాలసార్లు లొంగదు.

నొప్పి తగ్గి మళ్ల లేచినా, వాచినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా ఆగకు. దవడ పట్టేసినట్టుంటే అర్ధరాత్రయినా బయలెల్లు.

మీ నాయినకు షుగర్ కదా. తుమ్మముల్లు దిగినా ఆయనకు తెల్వది. రోజూ పండుకునే ముందు అరికాళ్లు నువ్వే చూడు.

చెప్పు అడుగు ఫోటో తీసి వాట్సాప్‌ల పంపు. బొక్క చుట్టు ముక్క ఊడిందో లేదో నేను చూస్త.

మీ పెద్దనాయిన